నిలబడిన సగం

ఈ రాలిన కాస్త మట్టిని ఊడ్చినా ఆ ఇన్సూరెన్సు ఇనస్పెట్రు కనిపెట్టేస్తాడా, చీపురు గీతలు చూసి ఏమమ్మా ఏం దాచిపెట్టినావు అంటాడా, అంటే తను ఏమని చెప్పాలి, అలవాటు కొద్దీ ఊడ్చినా సామీ అంటే నమ్ముతాడా, నమ్మడు, కర్నూలు నుంచి పనిగట్టుకుని బస్సెక్కి కోడుమూరు దాకా వచ్చేవాడు నమ్మడానికి వస్తాడా ఏమన్నా, అనుకుంటూ ఉరుకుందమ్మ చేతిలోకి తీసుకున్న చీపురును మూలన పెట్టేసింది, పెట్టాక ఆ మూల కూడా ఇంట్లోదే కదా అని గుర్తొచ్చి, గోడ కూలినరోజు అది ఏ మూలన ఉండిందో తలచుకుని ఆ మూలకే మార్చింది, ఇంత బతుకు బతికి చీపురుకు భయపడే రోజు వచ్చిందే అని తనమీద తనకే నవ్వు రాబోయింది గానీ రాలేదు, ఎందుకంటే అప్పుడే తూర్పు గదిలో మగ్గం పలక టక్కుమంది, ఆ టక్కుతో పాటే దూలం పక్కనుంచి చిటికెడు మన్ను జారింది, జారి గుంతలో కాళ్ళు పెట్టుకుని నేస్తున్న భర్త నరసన్న వెనకాల నేలమీద పడింది, ఆయన నెత్తిన పడలేదు, వెనక్కి తిరిగి కూడా చూడలేదు, నాడె ఇటునుంచి అటు పోయింది, మళ్ళీ టక్కు, మళ్ళీ చిటికెడు మన్ను, వాకిట్లో నిలబడ్డ ఉరుకుందమ్మకు ప్రతి టక్కూ నేరుగా గుండెకే తగిలింది.

పడమటి వంటగది ఇప్పుడు గది కాదు, రాళ్ళూ మన్నూ మిద్దె దంతెలూ కలిసిన కుప్ప, ఆ కుప్పకూ ఈ మగ్గం గదికీ మధ్య ఒకే ఒక గోడ, ఆ గోడలో దూలం కిందినుంచి దీపం గూడు దాకా దిగిన చీలిక, అది మొదట దారప్పోగంత ఉండింది, ఇప్పుడు వేలు పట్టేటట్టుంది, పడుతుందో లేదో వేలుపెట్టి చూడాలన్నా భయమే, ముట్టుకోవద్దన్నాడు తమ్ముడు, ఆ ఒక్క మాటా వచ్చినప్పటి నుంచి ఆమెకు కంటి మీద కునుకు లేదు, అసలు ఈ తమ్ముడు చిన్న ఈరన్న ఇన్సూరెన్సు పనిలో చేరకపోయినా బాగుండేది, కర్నూలు రాజధాని అయ్యాక ఎవరికి ఏం ఒరిగిందో గానీ వీడికి మాత్రం ఒక తోలు సంచీ, కిర్రుకిర్రుమనే బూట్లు, ఇళ్ళకు పాలసీలు కట్టించే ఏజెంటు పని దొరికాయి, పరాయివాళ్ళు మాట వినకపోతే చుట్టాల మీద పడ్డాడు, చుట్టాల్లో అందరికంటే ముందు అక్క మీద పడ్డాడు, ఇదే అరుగు మీద కూర్చుని, ఆమె పెట్టిన సంగటి తింటూనే, అక్కా, అగ్గి పడినా పిడుగు పడినా కంపెనీ వాళ్ళు మల్ల కట్టిస్తారు, నువ్వు కాలు మీద కాలేసుకుని కూర్చోవచ్చు అన్నాడు, మరి వానకు పడితే, వాన దీంట్లోకి రాదక్కా, చెదలు తింటే, రాదు, గోడ ముసలిదై దానంతట అదే కూలితే, అది అసలే రాదు, దాన్ని మనమే చూసుకోవల్ల, దొంగలు కన్నం వేస్తే, దానికి వేరే కాగితం ఉండాది, ఎలకలు బొక్కలు పెడితే, అక్కా, నువ్వు సంగటి పెట్టినావా పరీచ్ఛ పెట్టినావా, మరి ఏమి వస్తాదిరా దీంట్లో, చెప్పినా కదా, అగ్గీ, పిడుగూ, ఆ రెండే.

ఆ రెండే అన్నప్పుడు ఎంత తేలిగ్గా విన్నదో, ఇప్పుడు ఆ రెండింట్లో ఒకటి తన ఇంటిమీదే పడిందని ప్రమాణం చేసి చెప్పాలి, చెప్పాల్సింది తనే, ఎందుకంటే మొన్న బేస్తవారం దీపాలు పెట్టే వేళ ఇంట్లో ఉన్నది తనొక్కతే, నరసన్న నూలు కోసం షావుకారు దగ్గరికి పోయాడు, అత్త గిడ్డమ్మ ఎదురింటి కాశన్న వాళ్ళ అరుగు మీద ఊరి కబుర్లన్నీ విప్పుకుని కూర్చుంది, పొద్దుటినుంచి ముసురు, తను పొయ్యి మీద ఎసరు పెట్టి, పిడకలు తడిసిపోతాయని తూర్పు గదిలోకి ఒక గంప మోసుకుపోయింది, గంప దించడానికి వంగింది, అప్పుడు మిద్దెకు వెలుతురు కోసం వదిలిన గవాచిలోంచి తెల్లటి వెలుగు, కళ్ళు పోయాయనుకుంది, ఆకాశం రెండుగా పగిలిన చప్పుడు, వెనకాల గది గదంతా కూర్చుండిపోయిన చప్పుడు, ఆ గంప మోయడానికి పోకపోయి ఉంటే తను కూడా ఆ కుప్పలోనే ఉండేది, వీధి వీధంతా పరిగెత్తుకొచ్చి పిడుగు పడింది పిడుగు పడింది అన్నారు, తను కూడా పిడుగు పడింది అన్నది, అన్నది సరే, వెలుగు ముందా, గోడ ముందా, వంగినప్పుడు వీపు వెనక ఏదో కొరకొరమన్నట్టు విన్నది కదా, అది వెలుగుకు ముందా తర్వాతా, ముందే అయితే పడింది పిడుగు కాదు, నానిన మన్ను, నానిన మన్నుకు కంపెనీ ఏమీ ఇవ్వదు, తర్వాత అయితే ఇల్లు మళ్ళీ లేస్తుంది, ఎన్నిసార్లు తలచుకున్నా ఒకసారి ముందు వినిపిస్తుంది, ఒకసారి తర్వాత వినిపిస్తుంది, తలచుకోవడం మానేస్తే చెవిలో ఊరికే కొరకొరమంటూ ఉంటుంది.

ఇనస్పెట్రు కళ్ళజోడు పెట్టుకుని ఉంటాడు, ఖాకీ నిక్కరు వేసుకుంటాడేమో, ఏమమ్మా, మీ మిద్దె మీద ఈ ఏడు చౌడు పోయించినారా అని అడుగుతాడు, తప్పకుండా అడుగుతాడు, ఈ సీమలో మట్టి మిద్దె కింద పుట్టిన పసిబిడ్డకు కూడా తెలుసు, మృగశిర కార్తె రాకముందే వంకలోంచి కొత్త చౌడు మన్ను తెచ్చి పోయించకపోతే మిద్దె ఉరుస్తుందని, ఈ ఏడు బండి మాట్లాడుతానన్నాడు నరసన్న, పడుగు ఎక్కించినాను కదా ఇది దిగనీ అన్నాడు, ఆ పడుగు దిగింది, ఇంకో పడుగు ఎక్కింది, బండి మాత్రం రాలేదు, తను పోరింది, చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది, ఇప్పుడు ఆ సంగతి ఇనస్పెట్రుకు చెబితే మొగుణ్ణి పట్టించినట్టు, చెప్పకపోతే అబద్ధం, దూలం నల్లబడింది చూడండి సామీ, పిడుగు కాల్చింది అని చూపించమన్నాడు తమ్ముడు, నల్లగానే ఉంది, కుప్పలోంచి పైకి లేచిన ఆ దూలం కొస బొగ్గులాగే ఉంది, కానీ అది వంటగది దూలం, అత్త కాపురానికి వచ్చిన నాటి నుంచి పొగ తాగుతూ వచ్చిన దూలం, పిడుగు పడకముందు మాత్రం తెల్లగా ఉండిందా, ఈ మాట ఇనస్పెట్రుకు తోస్తుందా, తోస్తే ఆయన తన మొహంలోకి చూస్తాడు, చూస్తే తన మొహం దాచదు, చిన్నప్పటి నుంచి అంతే, దొంగతనంగా బెల్లంముక్క తిన్నా అమ్మ మొహం చూసి పట్టేసేది, జైల్లో వేస్తారా, ఆడవాళ్ళను కూడా వేస్తారా, ఎవరిని అడగాలి ఇదంతా.

తమ్ముడు కబురు అంది మర్నాడే వచ్చాడు, కుప్పను చూసి మొదట తమ్ముడై ఏడ్చాడు, తర్వాత కళ్ళు తుడుచుకుని ఏజెంటు అయ్యాడు, అక్కా, పడింది పడినట్టే ఉండనీ, ఇనస్పెట్రు దొరను నేను పిల్చుకొస్తా, ఆయప్ప వచ్చి కండ్లతో చూసేదాంక ఎవురూ ముట్టొద్దండి, రాయి కదిలించినా మీరే కూలగొట్టుకున్నారంటాడు, శానా కిరికిరి మనిషి, అని చెప్పి పోయాడు, వాడు చెప్పింది అంతే, కానీ ముట్టొద్దు అనే మాటకు ఉరుకుందమ్మకు తెలిసిన అర్థం మైల ఒక్కటే, మామ పోయింది ఒక గదిలోనే అయినా మైల ఇంటికంతా పట్టింది కదా, పదకొండు దినాలూ ఉప్పు డబ్బా కూడా ఎవరూ అందుకోలేదు కదా, ఇదీ అంతే అనుకుంది, ఊడ్చలేదు, అలకలేదు, గడపకు పసుపు రాయలేదు, కుప్పకింద ఉండిపోయిన పెట్టకోడి వాసన వస్తుంటే కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది గానీ ఒక్క రాయి ఎత్తలేదు, ఇత్తడి చెంబు కొంచెం బయటికి కనిపిస్తుంటే లాక్కోబోయిన అత్త చెయ్యి పట్టుకుని ఆపింది, ఆ ఇనస్పెట్రు ఏమన్నా నా మొగుడా, వానికి జూపించి నా చెంబు నేను తీసుకోవల్లనా, అని గిడ్డమ్మ వీధికంతా వినిపించేలా శాపనార్థాలు పెట్టింది, పెట్టి కాశన్న వాళ్ళింట్లోకి మకాం మార్చింది, కాశన్న మంచివాడు, రెండు తుమ్మ మొద్దులు భుజాన వేసుకొచ్చి, దూలానికి ఊతం పెడదాం పట్టమ్మా అన్నాడు, అప్పుడు కూడా తనే అడ్డం నిలబడింది, వద్దన్నా, ఇనస్పెట్రు వచ్చేదాంక ఏమీ ముట్టొద్దన్నాడు మా ఈరన్న, అదేమమ్మా, కూలింది ఆ గది కదా, నిలబడిన గదికి ఊతం పెడితే ఎవురేమంటారు, గదులు రెండుండొచ్చు గానీ ఇల్లు ఒకటే కదన్నా, అని తను అంటే కాశన్న ఆమెను ఒక పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు, మొద్దులు తన గోడకే ఆనించి పెట్టుకున్నాడు, ఆయన వెళ్ళాక ఆమెకు తను గెలిచినట్టే అనిపించింది, తన తెలివికి తమ్ముడు కూడా మెచ్చుకుంటాడనుకుంది.

మళ్ళీ టక్కు, ఈసారి చిటికెడు కాదు, దోసెడు మన్ను, ఏమయ్యా, ఇంగ చాలు బయటికి రాయ్యా అని ఆమె వాకిట్లోంచే కేకేసింది, రాత్రిపూట ఇద్దరం వీధి అరుగుమీదనే పండుకుంటాండాం కదా, పండుకోనీకి భయమైన గదిలో నేయనీకి భయం లేదా నీకు, అంటే నరసన్న నాడె ఆపకుండానే, పండుకుంటే మనిషికి ఒళ్ళు తెలీదే, కూర్చున్నోనికి చప్పుడు ఇనపడుతుంది, ఇనపడితే లేచి వస్తా, పిడుక్కే పడని గది నా పలక దెబ్బకు పడతాదా, గాలిలో తేమకు నూలు ఎంత మెత్తగుండాదో చూడు, పొద్దున్నుంచి ఒక్క పోగు తెగలేదు, ఇట్లాంటి దినాలు మల్ల రావు, పోయి కండెలు చుట్టుపో అన్నాడు, లేచి వస్తాడట, గుంత మగ్గంలో కూర్చున్నవాడు ఎలా లేస్తాడో నేతింటి ఆడదానికి చెప్పాలా, నడుము దాకా కాళ్ళు గుంతలో ఉంటాయి, ఒళ్ళో బట్ట చుట్టుకునే దోనె అడ్డం, తలమీద తాళ్ళు, ఒక చెయ్యి ఆనించి, ఒక కాలు తీసి, ఇంకో కాలు తీసి, అయ్యో దేవుడా, తను ఆ రోజు వంగిన మనిషి నడుమెత్తేలోపలే గది గదంతా కూర్చుండిపోయింది, అయినా ఆయన రాడు, షావుకారు పడుగు సగం దిగింది, సగం మీద పడుగును కోసి దించడం అనేది ఈ ఇంట్లో ఎవరూ చేయలేదు, అలా చేస్తే ఇంటికి అరిష్టమని మామ చెప్పేవాడు, మగ్గాన్ని ఎత్తి ఇంకో చోట పెట్టడానికి అదేమన్నా మంచమా, నేలలో తవ్విన గుంత అది, కనుక ఆయన అక్కడే కూర్చుంటాడు, పడుగు దిగేదాకా ఆ దూలం కిందే కూర్చుంటాడు.

బస్సు ఇంకా రాలేదు, పొద్దెక్కింది, బస్సు చెడిపోయిందేమో, ఇనస్పెట్రుకు జ్వరం వచ్చిందేమో, ఈ రోజు రాకపోతే రేపు, రేపటిదాకా ఈ గోడ ఆగుతుందా, గోడకేసి చూసింది, దీపం గూడు దగ్గర ఒక రాయి ముందుకు పొంగింది, పొద్దున అలా లేదు, లేదా ఉండిందా, రాయి అంచున మన్ను తడి తడిగా మెరుస్తోంది, అంటే లోపల ఇంకా నీళ్ళున్నాయి, పైన మిద్దె మీద ఎండ కాస్తున్నా లోపల మన్ను తాగిన నీళ్ళు తాగినట్టే ఉన్నాయి, ఇది కూడా పడుతుంది, పడుతుందని ఆమెకు ఇప్పుడు అనుమానం కాదు, బాగా తెలిసిపోయింది, మరి ఇది పడితే ఇనస్పెట్రు ఏమంటాడు, ఇది పిడుగు లెక్కలోకి వస్తుందా రాదా, పిడుగు పడిన రోజే పడలేదు కాబట్టి రాదంటాడా, పిడుగుకు అదిరిన గోడే కదా సామీ ఆలస్యంగా పడింది అని తమ్ముడు మాట్లాడడా, వాడు మాట్లాడతాడు, వాడికి నోరుంది, అప్పుడు ఈ గది కూడా లెక్కలోకి వస్తుంది, సగం ఇల్లు పడితే అతుకుల బొంత లాగా కట్టాలి, మొత్తం పడితే మొత్తం కొత్తగా కట్టిస్తారు, పాత చీలికలూ ఉరుపులూ ఏమీ ఉండవు, చౌడు పోయించారా అనే మాటే రాదు, ఇనస్పెట్రు కుప్ప చుట్టూ తిరిగి రాసుకుంటాడు, తూర్పు గోడ రాసుకుంటాడు, దూలాలు రాసుకుంటాడు, తలుపులు, బోషాణం, మగ్గం, మగ్గం కూడా వస్తుందని ఈరన్న అన్నాడు, గుంతలో దోనె, పలక, అచ్చు, నాడె, ఆ తర్వాత ఏం రాసుకుంటాడు, ఆ తర్వాత, మగ్గం ముందర, ఆమె లెక్క అక్కడే ఆగిపోయింది, ఎందుకంటే ఆమె ఆ కుప్పను తలచుకున్నది, లెక్కపెట్టింది, కొత్తగా కట్టించుకున్నది కూడా, ఇంతసేపూ ఆ కుప్పకింద నుంచి ఆయన్ను బయటికి తీయలేదు.

తీయలేదు, మరిచిపోయింది, మొగుడు ఆ గదిలో ఉండగానే గదిని కూల్చుకుని లెక్క చూసుకున్న ఆడది తను, ఎలకలు బొక్కలు పెడితే ఎట్ల అని అడిగింది కదా తమ్ముణ్ణి, చెదల సంగతి అడిగింది, దొంగల సంగతి అడిగింది, మనిషి సంగతి ఒక్కసారి అడిగిందా, అడిగి ఉంటే వాడు సంగటి మింగి, మనిషి దీంట్లోకి రాడక్కా అని ఉండేవాడు, అంతేగా, ఎలా వస్తాడు, గోడ పోతే గోడ ఇస్తారు, దూలం పోతే దూలం ఇస్తారు, నరసన్న పోతే ఏమిస్తారు, కాశన్న మొద్దులు భుజాన వేసుకొచ్చినప్పుడు అడ్డం నిలబడింది తను, గోడకు కాపలా కాసింది, రాయికి కాపలా కాసింది, చచ్చిన కోడికి కాపలా కాసింది, ఆ కాపలా అంతా ఆయన నెత్తిమీద దూలాన్ని అలాగే ఉంచడానికే కాసింది, పొంగిన రాయి కింద మన్ను మళ్ళీ జలజలమంది, దూరంగా బస్సు హారను కూడా వినిపించింది, వచ్చేశారు, ఇంకొంచెం ఆగితే ఇనస్పెట్రు చూసేస్తాడు, ఇంకొంచెం ఆగితే అన్నీ సక్రమంగా ఉన్నది ఉన్నట్టే ఉంటాయి, ఇంకొంచెం అనుకుంటూనే ఆమె చూరులోంచి కొడవలి లాగింది, గడప దాటింది, ఆయన ఏమే అనేలోపల మగ్గం అవతలి కొసకు పోయింది, బిగుతుగా సాగి ఉన్న పడుగు మీద కొడవలి పెట్టి తన బలమంతా వేసి లాగింది, పోగులు తెగి వెనక్కి ముడుచుకుపోయాయి, ఆయన చేతిలో పలక పట్టు తప్పి వాలిపోయింది.

నరసన్న ఒక గావుకేక వేశాడు, చెయ్యి ఆనించి, ఒక కాలు తీసి, ఇంకో కాలు తీసి, దోనెను మోకాలితో నెట్టి గుంతలోంచి లేచాడు, ఆమెను కొట్టడానికే లేచాడు, ఆమెకు కావలసింది అదే, కొడవలి అక్కడే పారేసి బయటికి పరిగెత్తింది, రా, రా, కొడుదువుగానీ రా, అని అరుస్తూ అరుగు దాటింది, వీధి మధ్య దాకా పోయింది, ఆయన వెంటపడి వచ్చాడు, వీధి మధ్య దాకా వచ్చాడు, కాశన్న అడ్డం పడి రెండు చేతులా పట్టుకున్నాడు, వదులప్పా నన్ను, ఇది నా పడుగు కోసిందప్పా, మా నాయన కాలం నుంచి నడిమధ్య కత్తి పెట్టినోళ్ళు లేరు ఈ ఇంట్లో, ఇంటికి అరిష్టం తెచ్చినావు కదే ముండా, నీకేం పోయేకాలం వచ్చిందే, అని ఆయన గొంతు చించుకుంటున్నాడు, వాళ్ళూ వీళ్ళూ మూగారు, అత్త గుండెలు బాదుకుంటోంది, అన్నా, మొద్దులు తీసుకుపోయి దూలానికి పెట్టన్నా, లోపలికి పోకుండా బయటినుంచే పెట్టు, అని ఉరుకుందమ్మ కాశన్నతో ఏడుస్తూ అంటోంది, వీధి మలుపులో చిన్న ఈరన్న తోలు సంచీ ఊపుకుంటూ వస్తున్నాడు, వాడి వెనక కళ్ళజోడు మనిషి, ఖాకీ నిక్కరు కాదు, తెల్ల పంచె, ఎవరైతేనేం, ఏం అడుగుతాడో అడగనీ, ముందు వెలుగా గోడనా నాకు తెలీదు సామీ, ఈ ఏడు మేము చౌడు పోయించలేదు, అని చెప్పేస్తుంది, కట్టిస్తే కట్టిస్తారు, కట్టించకపోతే ఇల్లు లేని వాళ్ళ మాదిరి యాడన్నా తలదాచుకుంటారు, ఆ భయం అలాగే ఉంది, కానీ ఇన్ని రోజులూ ఏది పోతుందని భయపడిందో అది కాదు పోకూడనిది, ఈ మనిషి పోతే తన బతుకు ఏమవుతుందో ఆమె ఎవరినీ అడగలేదు, తనను తాను కూడా అడగలేదు, ఇక అడగాల్సిన పనీ లేదు, ఒంటినిండా మన్నూ నూలుపోగులూ అంటుకుని, మెడ నరాలు పొంగేలా తనను తిడుతూ, ఆయన ఎండలో నిలబడి ఉన్నాడు.